ఎల్ పాసో నుంచి మెట్రోపొలిస్ దాకా: కంట్రీ అభిమానికి మెటల్ పరిచయం

(డాలస్ దగ్గర తెలుగు మిత్రుల సంగీత గోష్ఠిలో చేసిన ప్రసంగం. పాట వినిపించిన చోట్ల ఆ సంగతి కుండలీకరణాల్లో చూపించాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినపడుతోందా? సరే.

ఈసారి మెటల్ గురించి, అంటే గిటార్లూ డ్రమ్సూ హోరెత్తించే రాక్ సంగీతం గురించి అనగానే మన వాట్సాప్ గ్రూపులో ఒకాయన, చెవుల్లోకి దూది ఎవరు తెస్తున్నారు అని అడిగారు. (నవ్వులు) దూది అక్కర్లేదండీ. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో సగానికి పైగా కంట్రీ, అంటే అమెరికా పల్లెపాటల్లోంచి పెరిగిన సంగీతం పిచ్చి ఉన్నవాళ్లే. అందుకే ధైర్యంగా వచ్చాను. కంట్రీ విన్న చెవి మెటల్‌కి సగం సిద్ధంగానే ఉంటుందని నా వాదన. ఆ మిగతా సగం ఎక్కడ ఆగిపోతుందో, ఏ పాటతో మొదలుపెడితే ఆగకుండా ముందుకు వెళ్తుందో అదే ఇవాళ చెబుతాను.

నా ప్రయోగమంతా మా బావగారి మీద జరిగింది. అక్క భర్త. ఇదిగో, మూడో వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. (నవ్వులు) వైటూకే రోజుల్లో టెక్సస్ వచ్చారు. ఆఫీసుకి పోను గంట, రాను గంట. ఇక్కడి యాస చెవికి పట్టాలని కార్లో కంట్రీ స్టేషన్ పెట్టుకున్నారు. యాస పట్టిందో లేదో మీరే చెప్పాలి గానీ కంట్రీ గాయకుడు జార్జ్ స్ట్రెయిట్ మాత్రం పట్టుకున్నాడు, ఇప్పటికీ వదల్లేదు. నా కారెక్కితే మాత్రం, "ఏమిట్రా ఆ మిక్సీ గోల" అనేవారు.

ముందు ఏది ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, దీనిమీద ఎక్కువసేపు వద్దు. పవర్ మెటల్ అంటే వేగం, పైస్థాయిలో పాడే గొంతు, హాలంతా కలిసి పాడుకునే పల్లవి, రెండు గిటార్లు జోడుగా నడిచే రాగం, వీరగాథలు. దీనికి అచ్చు పోసింది జర్మనీలో, హాంబర్గ్‌కి చెందిన హెలోవీన్ బృందం. 1987లో ఒకటి, 1988లో ఒకటి, 'కీపర్ ఆఫ్ ద సెవెన్ కీస్' అని రెండు భాగాల ఆల్బమ్ చేశారు. మొదటి భాగం పాడేనాటికి గాయకుడు మైకేల్ కిస్కేకి ఇరవై కూడా లేవు. ప్రోగ్రెసివ్ మెటల్ అంటే పొడవాటి పాటలు, మధ్యలో మారిపోయే తాళాలు, ఒక్కోసారి ఆల్బమ్ మొత్తం ఒకే కథ. అది ఎక్కువగా అమెరికాలో, ఎనభైల నడిమిలో మొదలైంది: సియాటల్ పక్కన క్వీన్స్‌రైక్, కనెక్టికట్‌లో ఫేట్స్ వార్నింగ్, బోస్టన్ బర్క్‌లీ సంగీత కళాశాలలో కలుసుకున్న కుర్రాళ్లు పెట్టిన డ్రీమ్ థియేటర్. గొంతు చించుకుని గర్జించే మెటల్ మరో శాఖ. ఇవాళ దాని జోలికి పోం.

ఇక అసలు సంగతి. మీలో గ్రీన్‌విల్ ఎంతమంది వెళ్లారు? ఇక్కణ్ణుంచి ఈశాన్యంగా గంట దూరం. ఆ హంట్ కౌంటీలో, కౌలు పత్తి రైతుల ఇంట్లో పుట్టినవాడు ఆడీ మర్ఫీ. అయిదో తరగతితో బడి మానేసి పత్తి ఏరాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల్లో అత్యధిక పతకాలు అందుకున్నవాళ్లలో ఒకడయ్యాడు. 1945 జనవరి 26న ఫ్రాన్స్‌లో హోల్ట్స్‌విర్ ఊరి బయట, మంటలు అంటుకున్న, ట్యాంకులాంటి యుద్ధవాహనం మీదికెక్కి ఒంటరిగా మెషిన్‌గన్ పట్టుకుని శత్రువుని ఆపాడు. దానికే అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. తర్వాత సినిమా హీరో అయ్యాడు. ఇదంతా టెక్సస్‌లో చాలామందికి తెలిసిందే. ఆయన కంట్రీ పాటలు కూడా రాశాడన్నది తక్కువమందికి తెలుసు. స్కాట్ టర్నర్‌తో కలిసి రాసిన 'షటర్స్ అండ్ బోర్డ్స్' 1962లో జెర్రీ వాలెస్ గొంతులో వచ్చింది.

ఇప్పుడు చూడండి. స్వీడన్‌లో ఫాలున్ అని ఒక ఊరు, గనుల ఊరు. అక్కడివాళ్లు సబటాన్ అనే బృందం. వాళ్ల పాటలు దాదాపు అన్నీ యుద్ధ చరిత్ర మీదే. 2014లో వచ్చిన 'హీరోస్' ఆల్బమ్‌లో ఒక పాట మన ఆడీ మర్ఫీ మీద రాశారు. పేరు 'టు హెల్ అండ్ బ్యాక్', ఆయన ఆత్మకథ పేరే. యుద్ధం నుంచి ఇంటికొచ్చాక కూడా నిద్ర పట్టని మనిషి సంగతి పాడారు అందులో. మర్ఫీ నిజంగానే తలగడ కింద తుపాకీ పెట్టుకుని పడుకునేవాడు. మూడున్నర నిమిషాలు, అంతే. గాయకుడు యోకిమ్ బ్రోడేన్‌ది కీచుగొంతు కాదు, కంట్రీ గాయకుడు జానీ క్యాష్ లాగా కిందస్థాయిలో మోగే గొంతు. వినండి.

(పాటలో కొంత భాగం వినిపించారు.)

బావగారికి నేను వినిపించిన మొదటి పాట ఇదే. "మన గ్రీన్‌విల్ వాడి మీదా?" అన్నారు. అంతే, కారు ఆపమనలేదు. (నవ్వులు) టెన్నెసీ వాళ్లుంటే వాళ్లకి ఇంకొకటి: అదే సబటాన్ 2019 ఆల్బమ్ 'ద గ్రేట్ వార్'లో, పాల్ మాల్ గ్రామానికి చెందిన సార్జెంట్ ఆల్విన్ యార్క్ మీద పాట ఉంది. కొండప్రాంతం మనిషి, దైవభక్తుడు, మొదట తుపాకీ పట్టనన్నవాడు, 1918 అక్టోబర్ 8న 132 మంది జర్మన్ సైనికుల్ని బందీలుగా తీసుకురావడంలో ముందు నడిచాడు. ఈ కథ కంట్రీకి రాజధాని లాంటి నాష్‌విల్‌లో ఎవరైనా పాడినా ఇలాగే పాడతారు, గిటార్లు తప్ప.

ఆ గిటార్ల దగ్గరే చిక్కు. ఎందుకు చిక్కో చెబుతాను. కంట్రీలో గొంతు ముందు నిలబడుతుంది, వాయిద్యాలు వెనక ఉండి, మాట ఆగిన చోట ఒక్కసారి తొంగిచూసి మళ్లీ తగ్గిపోతాయి. తీగల మీద కడ్డీ జార్చి వాయించే స్టీల్ గిటార్‌కి ఆ మర్యాద బాగా తెలుసు. మెటల్‌లో గొంతు, గిటార్, డ్రమ్స్ భుజం భుజం రాసుకుంటూ నిలబడతాయి. అలవాటు లేని చెవికి అన్నీ ఒకేసారి మీదపడ్డట్టుంటుంది. అది ధ్వని పెద్దదవడం వల్ల కాదు, చెవి ఎవరివైపు తిరగాలో తెలియక. ముఖ్యంగా పవర్ మెటల్ డ్రమ్మర్ రెండు కాళ్లతో రెండు పెడల్స్ తొక్కుతాడు, ఆ టకటక ఆగదు. అప్పుడేం చేయాలంటే, రైలు కిటికీలో కూర్చున్నప్పుడు పట్టాల పక్క స్తంభాలు పరుగెత్తుతుంటాయి, దూరాన కొండ మాత్రం నింపాదిగా కదులుతుంది, మీరు కొండని చూడండి. పవర్ మెటల్‌లో ఆ కొండ గొంతు. కాళ్లకింద ఎంత హడావుడి ఉన్నా పైన రాగం చాలా నెమ్మదిగా, మనం గుడిలో పాడుకోగలిగినంత సాఫీగా నడుస్తుంది. హెలోవీన్ 'ఈగిల్ ఫ్లై ఫ్రీ' పల్లవి వినిపిస్తాను, డ్రమ్స్ వదిలేసి గొంతు వెంటే వెళ్లండి.

(పాటలో కొంత భాగం వినిపించారు.)

మధ్యలో రెండు గిటార్లు ఒకే బాణీని మూడు మెట్ల తేడాతో జోడుగా వాయించడం విన్నారు కదా? అది మీకు కొత్త కాదు. బాబ్ విల్స్, టెక్సస్ ప్లేబాయ్స్. డాన్స్ హాళ్లలో వాళ్లు వాయించిన వెస్టర్న్ స్వింగ్‌లో రెండు ఫిడిళ్లు, అంటే వయొలిన్లు, అలాగే జంటగా నడుస్తాయి. తర్వాత ఆల్‌మన్ బ్రదర్స్‌లో డిక్కీ బెట్స్, డ్వేన్ ఆల్‌మన్ ఆ పని రెండు ఎలక్ట్రిక్ గిటార్లతో చేశారు. బెట్స్ బాంజో, ఫిడిళ్లతో పరుగెత్తే బ్లూగ్రాస్, వెస్టర్న్ స్వింగ్ వింటూ పెరిగినవాడు. అట్లాంటిక్ అవతల విష్‌బోన్ ఆష్, థిన్ లిజ్జీ, వాళ్ల వెనక లండన్‌లో ఐరన్ మెయిడెన్, వాళ్లని వింటూ హాంబర్గ్ కుర్రాళ్లు. దారి మధ్యలో ఇంకా చాలామంది కలిశారనుకోండి. నాకు మాత్రం హెలోవీన్ జోడు గిటార్లు వింటే ఎక్కడో డాన్స్ హాలు చెక్కనేల గుర్తొస్తుంది.

గొంతు సంగతీ అంతే. మగవాడు అంత పైస్థాయిలో పాడితే నవ్వొస్తుంది అంటారు. బిల్ మన్రోని విని ఎవరూ నవ్వరే! కెంటకీ కొండల ఆ కీచు ఒంటరి గొంతే బ్లూగ్రాస్‌కి గుర్తు అయింది. జిమ్మీ రోడ్జర్స్ 1927లో గొంతుని ఉన్నట్టుండి పైకీ కిందికీ విరుస్తూ యోడెల్ చేస్తే జనం ఎగబడి కొన్నారు. కిస్కే గొంతు కూడా ఆ ఎత్తులోనే తిరుగుతుంది.

ఇప్పుడు బావగారి పెద్ద అభ్యంతరం. "కంట్రీలో మనిషి ఉంటాడు, అమ్మ ఉంటుంది, వంటగది ఉంటుంది, పాత పికప్ ట్రక్కు ఉంటుంది. వీళ్లకి డ్రాగన్లూ కత్తులూ ఏమిటి, పిల్లల బొమ్మల పుస్తకంలాగా?" న్యాయమైన ప్రశ్నే. ఇటలీలో రాప్సొడీ అనే బృందం ఆల్బమ్ తర్వాత ఆల్బమ్ అదే మాంత్రిక ఖడ్గం కథ సాగదీశారు, నాకే విసుగొచ్చింది. కానీ బావగారికి ప్రాణమైన పాట ఏమిటో తెలుసా? 'ఘోస్ట్ రైడర్స్ ఇన్ ద స్కై'. డెత్ వ్యాలీలో పార్క్ రేంజర్‌గా చేసిన స్టాన్ జోన్స్ 1948లో రాసింది. ఆకాశంలో నిప్పుకళ్ల పశువుల మంద, దాన్ని ఎప్పటికీ పట్టలేని శాపగ్రస్త కౌబాయ్‌లు! (నవ్వులు) అంతకన్నా పవర్ మెటల్ ఇంకేముంటుందండీ? ఆ పాట లయ గమనించండి, గుర్రం దౌడు. ఒక పొడుగు, రెండు పొట్టి, ఒక పొడుగు, రెండు పొట్టి. ఐరన్ మెయిడెన్ బేస్ గిటారిస్టు స్టీవ్ హారిస్ జీవితమంతా వేళ్లతో వాయించింది ఆ దౌడే. జార్జియాకొచ్చిన సైతానుతో ఫిడిల్ పందెం కట్టిన కుర్రాడి పాట చార్లీ డేనియల్స్ 1979లో పాడితే దేశమంతా పాడుకుంది. అద్భుతరసం కంట్రీకి నిషిద్ధం కాదు.

ఇంకోమాట, ఇది నా అభిప్రాయం. ఈ రెండు సంగీతాలకీ సిగ్గులేదు. మంచి అర్థంలోనే అంటున్నాను. ఏడుపొస్తే ఏడుపే, గర్వమొస్తే గర్వమే, ఏ వెటకారమూ అడ్డుపెట్టుకోకుండా గుండె బయటపెట్టి పాడేస్తారు. తెలివైనవాళ్లమనుకునేవాళ్లు రెండింటినీ చూసి నవ్వేది కూడా అందుకే.

ఇక ప్రోగ్రెసివ్‌కి వద్దాం. దీనికి నేను కంట్రీ గాయకుడు మార్టీ రాబిన్స్‌తో మొదలుపెడతాను. 1959, 'ఎల్ పాసో'. అందరికీ తెలిసిందే. రోసా సారాకొట్టులో ఫెలీనా, ఆమె కోసం ఇంకొకణ్ణి కాల్చేసి న్యూ మెక్సికో పారిపోయిన కౌబాయ్, ఉండలేక తిరిగొచ్చి తూటా తిని ఆమె ఒళ్లో ప్రాణం విడవడం. పాడేది చచ్చిపోతున్నవాడే. రేడియోలో మూడు నిమిషాలు దాటని రోజుల్లో నాలుగున్నర నిమిషాల పాట, అయినా పాప్ చార్టులో కూడా మొదటి స్థానం. అక్కడితో ఆగాడా? 1966లో ఫెలీనా పుట్టుక నుంచి చావు దాకా ఆమె వైపు కథ, ఎనిమిది నిమిషాలకు పైగా పాడాడు. 1976లో 'ఎల్ పాసో సిటీ'. ఒకడు విమానంలో ఎల్ పాసో మీదుగా వెళ్తుంటాడు. కిందికి చూస్తాడు. ఎప్పుడో విన్న పాట గుర్తొస్తుంది. ఆ కౌబాయ్ నేనేనేమో, పోయిన జన్మలో ఇక్కడే చచ్చానేమో అనిపిస్తుంది.

చూశారా, పదిహేడేళ్ల మీద మూడు పాటలు, ఒక హత్య, ఒక పునర్జన్మ.

డ్రీమ్ థియేటర్ 1992లో 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' ఆల్బమ్‌లో 'మెట్రోపొలిస్, మొదటి భాగం' అని ఒక పాట పెట్టింది. రెండో భాగం ఏదని అభిమానులు అడిగి అడిగి వేధించారు. 1999లో వచ్చింది, పాటగా కాదు, 77 నిమిషాల ఆల్బమ్‌గా: 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ'. కథ ఇది. నికొలస్ అనేవాడికి పదేపదే ఒక కల, ఒక ఇల్లు, ఒక అమ్మాయి. మానసిక వైద్యుడు హిప్నాసిస్ చేస్తే బయటపడుతుంది: ఆమె విక్టోరియా, 1928లో హత్యకి గురైంది. ఇద్దరు అన్నదమ్ములు, మధ్యలో ఆమె. పత్రికలో ఒకటి రాశారు, జరిగింది ఇంకొకటి. పోయిన జన్మలో ఆమె ఎవరో కాదు, నికొలసే. చివర్లో ఇంకో మెలిక ఉంది, అది చెప్పను.

పునర్జన్మ పగలూ ప్రేమలూ తెలుగువాళ్లకి ఎవరు చెప్పాలి! ఇంటర్వెల్‌కల్లా అంతా కనిపెట్టేస్తాం. (నవ్వులు) కాబట్టి కథ గురించి భయం లేదు. భయమల్లా వాయిద్యాల మీద. అందుకే ఈ ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి వినిపించకూడదు. చివర్లో వచ్చే 'ద స్పిరిట్ క్యారీస్ ఆన్' ముందు వినాలి. నెమ్మదైన పాట, చావు తర్వాత ఏముందన్న ప్రశ్న, పాట పెరిగేకొద్దీ చర్చిలో పాడినట్టు బృందగానం. ఆదివారం గాస్పెల్, అంటే చర్చి భక్తి పాటలు వినేవాళ్లకి ఇందులో పరాయిది ఏమీ ఉండదు. అది నచ్చాక, ఈ మాటలు ఎవరు ఎవరితో అంటున్నారని అనుమానమొస్తుంది. అప్పుడు వెనక్కెళ్లి మొదటినుంచి వింటారు.

(పాటలో కొంత భాగం వినిపించారు.)

ఆల్బమ్ అంతా ఒకే కథ అంటే ఏదో యూరప్ గొప్ప అనుకోకండి. భార్యని చంపి గుర్రమెక్కి తిరిగే పాస్టరు కథ, విల్లీ నెల్సన్ 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్', 1975లో ఇక్కడ మన గార్లండ్‌లోనే రికార్డయింది. అంత బోడిగా ఉంటే కంపెనీవాళ్లు ఇది డెమో, అంటే నమూనా రికార్డింగు అనుకున్నారట. డ్రీమ్ థియేటర్‌ది దానికి పూర్తి వ్యతిరేకం, ఒక్క ఖాళీ కూడా వదలరు. ఆ విషయంలో నా ఓటు విల్లీకే.

ఇక తాళం మారడం. ప్రోగ్రెసివ్‌లో కంట్రీవాళ్లని ఎక్కువ తికమక పెట్టేది ఇదే, కాలు ఆడిస్తుంటే మధ్యలో తప్పిపోతుంది. మనకి ఒక సౌకర్యముంది. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్లు తకిట తకధిమి అని వేసుకోండి, మిశ్రచాపు, ఏడు. డ్రీమ్ థియేటర్ ఏడుల్లో చాలా వాటికి అది సరిపోతుంది. కొన్నిసార్లు తకధిమి ముందొస్తుంది, తిప్పేసుకోండి. అమెరికావాళ్లు ఇదంతా బర్క్‌లీ చదువు అనుకుంటారు గానీ, 1927లో టెన్నెసీ, వర్జీనియా సరిహద్దు ఊరు బ్రిస్టల్‌లో మొదటిసారి రికార్డింగుకొచ్చిన తొలితరం కంట్రీ గాయకులు కార్టర్ కుటుంబం పాటలు లెక్కపెట్టి చూడండి. పాదం చివర రెండు దెబ్బలు ఎక్కువ, ఇంకోచోట తక్కువ. ఊపిరి ఎంత పడితే పాదం అంత. అపలేచియా ఫిడిల్ బాణీల్లో ఇలాంటి వంకర తాళాలు బోలెడు. 

ఏవి వద్దో కూడా చెబుతాను. డ్రాగన్‌ఫోర్స్ అనే లండన్ బృందం 2014లో జానీ క్యాష్ 'రింగ్ ఆఫ్ ఫైర్'ని తమ వేగంలో పాడింది. కంట్రీ అభిమానికి ఇదే వంతెన అని అందరికీ తోస్తుంది. వద్దు, అది ఆఖర్న నవ్వుకోవడానికి. అభిమానించే పాటని అంత వేగంగా వింటే మనిషి నొచ్చుకుంటాడు. 'ద డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ' అని డ్రీమ్ థియేటర్‌దే ఉంది, మాటల్లేని ఆరు నిమిషాల్లో వందసార్లకు పైగా తాళం మారుతుంది, అది వినడం మొదలుపెట్టిన మూడో నెలలో వినండి. ఆస్టిన్ వాళ్లు వాచ్‌టవర్ మన టెక్సస్ గర్వం, నిజమే, 1985లోనే వాళ్లు వాయించింది విని పెద్దపెద్దవాళ్లు నోరెళ్లబెట్టారు, కానీ అభిమానుల్లోనే సగంమంది భరించలేరు. వీటి బదులు బ్లైండ్ గార్డియన్ అనే బృందం 1992 పాట 'ద బార్డ్స్ సాంగ్, ఇన్ ద ఫారెస్ట్' వినండి. అకూస్టిక్ గిటార్, మూడు నిమిషాలు. కచేరీలో గాయకుడు హాన్సీ కూర్ష్ మైకు జనంవైపు తిప్పేస్తే జనమే మొత్తం పాడేస్తారు. క్వీన్స్‌రైక్ 'సైలెంట్ లూసిడిటీ' కూడా అలాంటిదే, 1991లో అమెరికా పాప్ చార్టులో తొమ్మిదో స్థానం దాకా వచ్చింది. ఆ రోజుల్లో రేడియో విన్నవాళ్లకి తెలియకుండానే తెలిసి ఉంటుంది.

నా సమయం అయిపోయినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి.

(శ్రోతల్లోంచి: కంట్రీ వాసన నేరుగా తగిలే మెటల్ ఏదైనా ఉందా?)

ఉంది. ఫిన్లండ్‌లో కెమి అనే ఊరి బృందం సొనాటా ఆర్క్‌టికా 2012లో 'సిండర్‌బ్లాక్స్' అనే పాటలో బాంజో పెట్టారు, సరదాగా ఉంటుంది. అయితే నాకు దానికన్నా ఇష్టమైంది వేరే ఉంది. కెనడా మనిషి డెవిన్ టౌన్‌సెండ్, ప్రోగ్రెసివ్ మెటల్‌లో అత్యంత హోరెత్తించే ఆల్బమ్‌లు కొన్ని చేసినవాడు. 2014లో షే ఎయ్‌మీ డార్వల్ అనే గాయనితో కలిసి 'క్యాజువల్టీస్ ఆఫ్ కూల్' అని తీసుకొచ్చాడు. జానీ క్యాష్ లయే, దయ్యం పట్టినట్టు చీకట్లో వినపడుతుంది. డిస్టార్షన్, అంటే గిటార్‌ని గరగరలాడించే ఆ మోత, దాదాపు లేదు. రాత్రిపూట హైవే మీద వినండి.

(మూడో వరసలోంచి: స్టీల్ గిటార్ ఎక్కడరా?)

లేదు బావగారూ. (నవ్వులు) దాదాపు ఎక్కడా లేదు. ఆ లోటు నేను తీర్చలేను. ఒప్పుకుంటున్నాను.

(శ్రోతల్లోంచి ఒకావిడ: మా అబ్బాయి గిటార్ నేర్చుకుంటున్నాడండీ, పెట్రూచ్చిలా వాయిస్తానంటాడు. ఏం నేర్పించమంటారు?)

ఎన్నేళ్లండీ బాబుకి? పద్నాలుగా. మంచి వయసు. డ్రీమ్ థియేటర్ జాన్ పెట్రూచ్చి తనకి గురువుల్లాంటివాళ్లని చెప్పుకునే పేర్లలో స్టీవ్ మోర్స్ ఒకటి. మోర్స్ తర్వాత డీప్ పర్పుల్‌లో చాలా ఏళ్లు ఉన్నాడు గానీ, మొదట జార్జియాలో డిక్సీ డ్రెగ్స్ అని పెట్టాడు. ఆ బృందంలో వయొలిన్ ఉండేది, జాజ్, రాక్ మధ్యలో బ్లూగ్రాస్ బాణీలు వాయించేవాళ్లు. ప్రతి స్వరానికీ పిక్, అంటే తీగ మీటే ముక్క, ఒకసారి కిందికి, ఒకసారి పైకి, తప్పకుండా మీటడం మోర్స్ పద్ధతి. బ్లూగ్రాస్‌లో డాక్ వాట్సన్ ఫిడిల్ బాణీల్ని గిటార్ మీదికి తెచ్చినప్పుడు చేతికి పట్టించుకున్నదీ అదే. కాబట్టి టీచరుగారిని ఒక పాత ఫిడిల్ బాణీ నేర్పమనండి. టిక్కుటిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్ పెట్టి, ముందు బాగా నెమ్మదిగా. స్పష్టంగా పలికాకే కొంచెం కొంచెం వేగం పెంచమనండి. డిస్టార్షన్ పెడల్ మాత్రం ఒక ఏడాది మీ దగ్గరే దాచిపెట్టండి, అది తప్పుల్ని కప్పేస్తుంది.